రాళ్లనేలలో మూడో వైరు

వాషింగ్ మెషిన్ మొరాయిస్తే తప్పంతా మెషిన్‌దేనా? నల్గొండ, పాలమూరు దారుల్లో తిరిగి చూస్తే సగం జవాబు నీళ్లలో దొరుకుతుంది. మిగతా సగం కాళ్ల కింది నేలలో ఉంటుంది!

కోదాడలో బయల్దేరే 167వ నంబరు జాతీయ రహదారి మిర్యాలగూడ, హాలియా, మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ చేరుతుంది. మిర్యాలగూడ చుట్టుపక్కల అంతా పచ్చదనమే. సాగర్ ఎడమ కాలువ కింద వరి మళ్లు, రోడ్డుకు రెండు పక్కలా రైస్ మిల్లులు, తడి వాసన. హాలియా దాటి పడమటికి పోయేకొద్దీ ఆ పచ్చదనం పలచబడుతుంది. ఎర్రనేల, బోడిగుట్టలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండరాళ్లు. పలుగు దించితే కొన్నిచోట్ల రెండడుగులకే ఖంగుమంటుంది.

నేల ఎంత మారినా ఊళ్లలో ఓ దృశ్యం మాత్రం మారదు. డాబా మీద నల్లటి నీళ్ల ట్యాంకు. కింద వసారాలోనో, స్నానాలగది పక్కనో పూలపూల కవరు తొడుక్కున్న వాషింగ్ మెషిన్! ఒకప్పుడు అది పట్నం సరుకు. ఇప్పుడు ఊరి పెళ్లిళ్లలో అమ్మాయికి పెట్టే సామాన్లలో దానికీ చోటుంది. బొంబాయికీ బెంగళూరుకూ వలసపోయి మట్టి మోసిన పాలమూరు కూలీ ఇంట్లోనూ కష్టార్జితంతో కొన్న సెమీ ఆటోమేటిక్ కనిపిస్తుంది. అది ఆగిపోతే మెకానిక్కుకు ఇచ్చే సొమ్ము కొన్ని రోజుల కూలితో సమానం. అందుకే ఇంట్లో ఎవరో ఒకరు స్క్రూడ్రైవర్ అందుకుంటారు. అది తప్పేం కాదు. ఏది విప్పాలో, ఏది విప్పకూడదో తెలియకపోవడమే తప్పు.

రిపేరు దుకాణాల్లో వినిపించే ఫిర్యాదులు ప్రధానంగా మూడు. నీళ్లు ఎక్కడం లేదు. నీళ్లు దిగడం లేదు. ముట్టుకుంటే జివ్వుమంటోంది. మొదటి రెండూ చికాకులు. మూడోది ప్రాణాల మీదికి తెచ్చేది. చిత్రంగా, మూడింటి మూలాలూ ఈ ప్రాంతపు మట్టిలోనే ఉన్నాయి.

నీళ్ల సంగతి

హాలియా నుంచి ఉత్తరానికి మళ్లితే నల్గొండ. ఒకప్పటి నీలగిరి. ఊరికి ఆనుకుని ఉన్న పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో శివలింగం వెనక పగలంతా కదలకుండా నిలిచే నీడను చూడ్డానికి జనం వస్తుంటారు. ఆ పక్కనే కందూరు చోళుల కాలపు ఉదయసముద్రం చెరువు. ఇప్పుడది ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కాలువ ద్వారా వచ్చే కృష్ణా నీళ్లతో నిండుతుంది. పైన నిండుగా చెరువు, కింద భూమిలో మాత్రం వేరే నీళ్లు!

నల్గొండ పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఫ్లోరైడ్. తాగేనీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదనీ, గత్యంతరం లేకపోతే ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చనీ భారత ప్రమాణాల సంస్థ గీత గీసింది. ఈ జిల్లాలో ఎన్నో ఊళ్ల బోర్లు ఆ గీత దాటి తరాల వెన్నెముకలు వంచాయి. సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లు తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. దానికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు స్థిరపడింది. ఆఫ్రికాలోని టాంజానియా, ఇథియోపియాల్లోనూ దాన్ని వాడి చూశారు. 2016లో మొదలైన మిషన్ భగీరథ నదీజలాలను నల్లాల దాకా తెచ్చింది.

అయితే బట్టల మెషిన్‌కు ఫ్లోరైడ్‌తో పేచీ లేదు. దాని శత్రువు వేరే ఉంది. అది నీటి కాఠిన్యం. గ్రానైట్ పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటాయి. తాగేనీటిలో ఇవి లీటరుకు 200 మిల్లీగ్రాముల్లోపు ఉంటే మంచిది. వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. చాలా ఇళ్లలో తాగడానికి నల్లా నీళ్లు, వాడకానికి బోరు నీళ్లు. డాబా మీద ట్యాంకులోకి ఎక్కేది బోరు నీళ్లే. మెషిన్‌లోకి దిగేదీ అవే. బకెట్ల అంచుల్లో, నల్లాల మూతుల దగ్గర కనిపించే తెల్లటి పెచ్చు మెషిన్ లోపల కూడా కడుతుందని మాత్రం ఎవరికీ తట్టదు.

ఈ కిటుకు పాతకాలపు రజకులకు బాగా తెలుసు. వాళ్లు చౌడు మట్టి ఏరి తెచ్చి, బట్టలకు పట్టించి, బానలో ఉడకబెట్టేవారు. చౌడులో ఉండేది సోడా జాతి లవణమే. అది నీళ్లలోని కాల్షియాన్ని పట్టి అడుక్కి దించేస్తుంది. నీళ్లు మెత్తబడి మురికి వదులుతుంది. ఇవాళ్టి డిటర్జెంట్ పొడుల్లో కలిపే సోడా చేసే పనీ ఇదే. పేరు మారింది, చాకిరేవు కిటుకు మారలేదు!

జాలీలో ఇరుక్కున్న ఊరు

'నీళ్లు ఎక్కడం లేదు' అన్న ఫిర్యాదుకు చాలాసార్లు విరుగుడు ఇంట్లోనే ఉంటుంది. మెషిన్ వెనక నీళ్ల పైపు బిగించే చోట వేలి గోరంత జాలీ ఒకటి ఉంటుంది. బోరు నీళ్లతో వచ్చే ఇసుక, పెచ్చులు అందులో చిక్కుకుంటాయి. ముందు ప్లగ్గు పీకాలి. తర్వాత నల్లా కట్టాలి. అప్పుడు పైపు విప్పి, జాలీని మెల్లగా బయటికి లాగి, నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో ఓ అరగంట నానబెట్టి పాత పళ్లబ్రష్షుతో రుద్దితే సరి. తిరిగి పెట్టేటప్పుడు రబ్బరు వాషర్ సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోవాలి.

జాలీ శుభ్రంగా ఉన్నా నీళ్లు సన్నగా వస్తున్నాయా? అయితే తల పైకెత్తి ట్యాంకును చూడండి. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్లకు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. ఒకే అంతస్తు ఇంటి డాబా మీద ఉత్తినే కూర్చోబెట్టిన ట్యాంకు నుంచి మెషిన్ దాకా ఉండే ఎత్తు రెండు మూడు మీటర్లే. చాలా ఆటోమేటిక్ మెషిన్లకు అది చాలదు. అది మెషిన్ జబ్బు కాదు, ట్యాంకును ఇంకాస్త ఎత్తున దిమ్మె మీద పెట్టాల్సిన పని.

నీళ్లు దిగకపోతే ముందువైపు తలుపున్న మెషిన్లలో కిందిమూల చిన్న మూత చూడండి. దాని వెనక ఫిల్టర్ ఉంటుంది. వేడినీళ్లతో ఉతికి ఉంటే చల్లారేదాకా ఆగాలి. ప్లగ్గు పీకి, కింద వెడల్పాటి పళ్లెం పెట్టి, మూతను కొద్దికొద్దిగా తిప్పాలి. రూపాయి బిళ్లలు, పిన్నీసులు, చొక్కా గుండీలు బయటపడతాయి. తలుపు తెరుచుకోకపోతే బలం చూపించొద్దు. తాళం వదలడానికి కొన్ని నిమిషాలు పడుతుంది.

పిండేటప్పుడు మెషిన్ ఊగిపోతుంటే కాళ్ల కింద ఇటుక ముక్కలు దోపడం ఈ వైపు అలవాటు. అది మరీ ప్రమాదం. తాండూరు బండలు పరిచిన గచ్చు కంటికి సమంగా కనిపించినా ఉండకపోవచ్చు. మేస్త్రీ దగ్గరి రసమట్టం పైన పెట్టి, కాళ్లకున్న మరలు తిప్పి సరిచేయాలి. కొత్త మెషిన్ మొదటి రోజే దడదడలాడితే రవాణా కోసం వెనక బిగించిన బోల్టులు తీశారో లేదో చూడాలి. అన్నట్టు, ఎలుకలు! కింది నుంచి దూరి వైర్లు కొరుకుతాయి. అడుగున జాలీ పలక లేకపోతే కంపెనీ మనిషిని అడిగి వేయించుకోవడం మేలు. కొరికిన వైరును ఇంట్లో టేపు చుట్టి సర్దేయకూడదు.

ఇక లోపలి పెచ్చు. నెలకో రెండు నెలలకో ఒకసారి బట్టలు లేకుండా, మెషిన్‌తో ఇచ్చిన పుస్తకంలో చెప్పినంత మోతాదులో పెచ్చు తీసే పొడి వేసి వేడినీళ్ల వరస నడపాలి. ఒక్క జాగ్రత్త. నిమ్మఉప్పు వంటి పులుపు పదార్థాన్నీ, బ్లీచింగ్‌నూ ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్ విషవాయువు పుడుతుంది. తలుపులు మూసిన స్నానాలగదిలో అది మరీ ముప్పు.

నేల సంగతి

మల్లేపల్లి దగ్గర దారి మళ్లితే దేవరకొండ. రేచర్ల పద్మనాయకులు ఏడు గుట్టలను కలిపి కట్టిన కోట. బురుజెక్కి చూస్తే కనుచూపుమేర రాయి, రాయి మధ్య చేను, చేనులో బోరు. ఈ జిల్లాలోనే ముసంపల్లి అనే ఊళ్లో మనుషుల కంటే బోర్లే ఎక్కువని 2000ల తొలి ఏళ్లలో పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. నీళ్ల కోసం రాయిని అన్నిసార్లు తొలిచిన నేల ఇది. ఆ రాయికి మరో గుణం ఉంది. అది కరెంటును తనలోకి అంత తేలిగ్గా పోనివ్వదు!

ప్లగ్గుకు మూడు పిన్నులు ఎందుకు? రెండు పిన్నుల మీదే మెషిన్ తిరుగుతుంది. మూడోది, అన్నిటికంటే లావైనది, మెషిన్ ఒంటిని భూమితో కలుపుతుంది. లోపల ఎక్కడైనా వైరు తెగి రేకుకు తగిలితే కరెంటు ఆ దారిన భూమిలోకి పోవాలి. ఆ ప్రవాహానికి ఫ్యూజో, ఎంసీబీయో పడిపోవాలి. సూత్రం ఇంతే. కానీ భూమే కరెంటును తీసుకోకపోతే?

చిన్న లెక్క. పెరట్లో ఎర్త్ గుంత నిరోధం 5 ఓంలు ఉందనుకుందాం. 230 వోల్టుల దగ్గర 46 ఆంపియర్ల దాకా ప్రవాహం పోతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ నిమిషం లోపే పడిపోతుంది. అదే గుంత ఎండిన రాతిలో ఉండి నిరోధం 100 ఓంలకు చేరితే పోయేది 2.3 ఆంపియర్లే. ఎంసీబీకి అది మామూలు వాడకంలాగే కనిపిస్తుంది. పడదు. మెషిన్ రేకులో కరెంటు అలాగే ఉంటుంది. తడి చేత్తో, చెప్పుల్లేని కాళ్లతో వచ్చి దాన్ని ముట్టుకునేది ఆ ఇంటి ఇల్లాలో, ఆడుకుంటున్న పిల్లో!

మిర్యాలగూడ మాగాణిలో ఏడాదిలో చాలా నెలలు నేల తడిగా ఉంటుంది. ఎర్తుకు అది మేలు. దేవరకొండ, కల్వకుర్తి వైపు మెట్టల్లో వానాకాలంలో బాగున్న గుంత ఏప్రిల్‌కు ఉత్త గొట్టమై మిగలొచ్చు. నీళ్లు, నేల కథలు కలిసేది ఇక్కడే. పెచ్చు కట్టిన హీటర్ తన వేడిని నీళ్లకు ఇవ్వలేక తానే కాలిపోతుంది. పైతొడుగు పగులుతుంది. కరెంటు నీళ్లలోకి, రేకులోకి పాకుతుంది. అంటే గట్టినీళ్లు చేసిన చెరుపును నేల కాయాలి. రాతినేల కాయలేదు. ఈ రెండు జిల్లాల్లో 'జివ్వుమంటోంది' అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడనిది అందుకే.

విరుగుడు లేకపోలేదు. రెండున్నర మీటర్ల ఇనుప గొట్టం చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలుగా నింపి నీళ్లు పోయడం పాత పద్ధతి. వేసవిలో వారానికోసారైనా ఆ గుంతలో బిందెడు నీళ్లు పోయాలి. ఉప్పు ఇనుమును తినేస్తుంది కాబట్టి కొన్నేళ్లకోసారి గొట్టాన్ని పరీక్షించాలి. తేమను పట్టి ఉంచే బెంటొనైట్ బంకమట్టి నింపడం ఇప్పటి పద్ధతి. రాయి తగిలి లోతుకు పోలేకపోతే, గొట్టం పొడవుకు రెండింతల దూరంలో మరో గుంత తీసి రెండింటినీ కలిపితే నిరోధం దాదాపు సగానికి పడిపోతుంది.

ఇక్కడో మోసం కూడా ఉంది. ఎర్త్ బాగుందని చూపించడానికి కొందరు ఫేజుకూ ఎర్తుకూ మధ్య వంద వాట్ల బల్బు వెలిగించి చూపిస్తారు. ఎర్త్ నిరోధం 100 ఓంలు ఉన్నా ఆ బల్బుకు 190 వోల్టులకు పైగానే అందుతుంది. కాస్త మసకగా అయినా వెలుగుతుంది! బల్బు వెలిగితే ఎర్త్ ఉన్నట్టే తప్ప, ప్రాణం కాపాడేంత ఉన్నట్టు కాదు. కొలవాల్సింది ఎర్త్ టెస్టర్‌తో. అది ఇంటివాళ్లు చేసే పని కాదు, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ది.

నేల ఎంత మొండిదైనా కాపాడే పరికరం ఒకటుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది చూస్తుంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే సెకనులో మూడోవంతు కూడా పట్టకుండా సరఫరా తెంపేస్తుంది. 100 ఓంల నాసి ఎర్తులోనూ పనిచేస్తుంది. దాని మీద ఉండే టెస్ట్ మీటను నెలకోసారి నొక్కి చూడాలి. పడకపోతే మార్పించాలి. అలాగని ఎర్త్ అక్కర్లేదనుకోవద్దు. ఎర్త్ లేని ఇంట్లో లీకైన కరెంటుకు దొరికే మొదటి దారి మనిషి ఒళ్లే.

గీత ఎక్కడ?

పాత నల్గొండ జిల్లాలోనే, ఇప్పటి యాదాద్రి భువనగిరిలో, పోచంపల్లి పక్కన జలాల్‌పూర్ ఉంది. అక్కడి స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థలో పల్లె యువతకు నేర్పే పనుల్లో ఇంటి కరెంటు పని ఒకటి. వైరు ముట్టుకునే ముందు సరఫరా ఆగిందో లేదో చూసుకోవడం ఈ వృత్తిలో ఓనమాలు. ఇంటివాళ్లకూ అదే తొలి పాఠం. స్విచ్చి ఆపితే చాలదు. ఫేజు, న్యూట్రల్ తారుమారైన ఇళ్లలో స్విచ్చి ఆపినా మెషిన్‌లోకి కరెంటు వస్తూనే ఉంటుంది. ప్లగ్గు పీకి, కంటికి కనిపించేలా పక్కన పెట్టాలి.

మెషిన్ రేకుకు బయట ఉన్నవన్నీ ఇంటివాళ్ల పనులే. పైపు, జాలీ, ఫిల్టర్, కాళ్లు, పెచ్చు. రేకు విప్పితే లోపలున్నవి మెకానిక్కు పనులు. మోటారు పక్కనుండే కెపాసిటర్ ప్లగ్గు పీకాక కూడా కరెంటును దాచుకుంటుంది. సర్క్యూట్ బోర్డు సంగతీ అంతే. గీత అక్కడుంది. దాటొద్దు.

ఇంకొన్ని చేయకూడని పనులున్నాయి. రెండు రంధ్రాల సాకెట్‌లో పట్టడం లేదని మూడో పిన్ను విరవకూడదు. ఎర్త్ లేదని సాకెట్‌లోనే దాన్ని న్యూట్రల్‌తో కలపకూడదు. బయట న్యూట్రల్ తెగిన రోజు మెషిన్ ఒళ్లంతా 230 వోల్టులవుతుంది! నల్లా పైపుకు కట్టినా లాభం లేదు, ఇప్పుడవన్నీ ప్లాస్టిక్కే. రెండు వేల వాట్ల హీటర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని ఎక్స్‌టెన్షన్ పెట్టెకు తగిలించొద్దు. గోడకున్న 16 ఆంపియర్ల సాకెట్టే వాడాలి.

ఎవరైనా షాక్ తగిలి అతుక్కుపోతే చేత్తో లాగొద్దు. ముందు మెయిన్ ఆపాలి. అది అందకపోతే ఎండు కర్రతో వేరుచేయాలి. ఊపిరి ఆడకపోతే వెంటనే ఛాతీ మధ్య గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. పక్కనున్నవాళ్లు 108కి ఫోన్ చేయాలి. 2005లో మొదలైన ఆ అంబులెన్సు వచ్చేదాకా నొక్కడం ఆపొద్దు.

చేత్తోనే ఉతకాల్సినవి

కల్వకుర్తి, జడ్చర్ల దాటి పాలమూరు చేరి, అక్కణ్నుంచి దక్షిణానికి దిగితే గద్వాల. పడమటికి పోతే నారాయణపేట. 2016లోనూ, 2019లోనూ జరిగిన విభజనలతో ఇవి వేర్వేరు జిల్లాలయ్యాయి గానీ, జనం నోట ఇప్పటికీ అంతా పాలమూరే. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండింటినీ మగ్గం మీదే జోడిస్తారు. నీళ్లలో నూలు ఒకలా, పట్టు ఒకలా నడుస్తాయి. మెషిన్ గిరగిరా తిప్పితే ఆ జోడు దగ్గరే ముడతపడుతుంది. గళ్ల నారాయణపేటకు రంగు భయం. ఎంత మంచి మెషిన్ ఉన్నా ఈ చీరలు దానికి దూరంగానే ఉండాలి. పట్టు ఉన్నవాటిని డ్రైక్లీనింగ్‌కు ఇవ్వడమో, ఇంట్లోనే ఉతికేవైతే మెత్తటి నీళ్లలో చల్లగా జాడించి నీడన ఆరేయడమో మేలు.

పాలమూరు ఊరి బయట పిల్లలమర్రి ఉంది. సుమారు ఏడు వందల ఏళ్ల వయసుంటుందని చెప్పే ఈ మర్రి మూడెకరాల మేర విస్తరించింది. 2017 చివర్లో చెద పట్టి దాని పెద్ద కొమ్మ విరిగిపడింది. అప్పుడు మందు కలిపిన నీళ్లను సెలైన్ సీసాలతో చుక్కచుక్కగా మానులోకి ఎక్కించి బతికించుకున్నారు. వేలాడే ఊడలను గొట్టాల్లోంచి నేలకు దించారు. గాల్లో ఎన్ని ఊడలున్నా నేలలో దిగిందే కొమ్మను మోస్తుందని ఆ చెట్టు కింద నిలబడితే తెలుస్తుంది.

వచ్చే వేసవికి ఎండ ముదరకముందే పెరట్లో ఎర్త్ గుంత ఎక్కడుందో ఓసారి వెతకండి. మూత తీసి చూడండి. మట్టి పొడిగా ఉంటే బిందెడు నీళ్లు పోయండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కొలిపించండి. బట్టలు ఓ రోజు ఆగినా ఫర్వాలేదు.